నీరుబ్రాహ్మి: గట్టున కోయవద్దు, తొట్టిలో పెంచుకోండి

మాఘమాసం వెళ్ళి ఫాల్గుణం ప్రవేశించేసరికి పిల్లలున్న ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది. పరీక్షలు ముంచుకొచ్చాయి, చదివినది గుర్తుండడం లేదు, జ్ఞాపకశక్తికి ఏదైనా ఆకు చెప్పండి అని. కోనసీమలో అయితే ఈ ప్రశ్నతో పాటు ఆకు కూడా సంచిలో వస్తుంది. పొలం గట్టు, బోదె, కాలువ ఒడ్డు, ఎక్కడ చూచినా తడి నేలే కనుక ఆకుకు కొదువ లేదు.

అలాగే ఒక ఏడాది అమలాపురం నుంచి ఒక తల్లి పదవ తరగతి చదివే కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. చేతిసంచి నిండా పచ్చని తీగలు. “నాలుగు రోజులుగా పరగడుపున అరగ్లాసు రసం పడుతున్నానండీ. రెండోనాటి నుంచి కడుపులో తిప్పు, విరేచనాలు. ఆకు మాత్రం మంచిదేనండీ, మా అత్తగారు కూడా ఆ గట్టునే కోసేవారు” అన్నది. సంచి విప్పి చాపమీద పరచి చూచాను. అందులో మూడు రకాల మొక్కలున్నాయి. సగానికి పైగా బొక్కెనాకు. కొంత గంగపావిలి. మిగిలిన గుప్పెడు మాత్రమే అసలు నీరుబ్రాహ్మి. ఆ గుప్పెడు కూడా వేళ్ళనిండా నల్లని బురదతో, సబ్బు వాసనతో ఉన్నది. రసం మానిపించి, పలుచని మజ్జిగ, గంజి ఇప్పిస్తే రెండు రోజులలో పిల్లవాడు కోలుకున్నాడు.

ఆ తల్లి అత్తగారు కోసిన గట్టు, కోడలు కోసిన గట్టు ఒక్కటే. ఆ గట్టును ఒరుసుకొని పారే నీరు మాత్రం ఒక్కటి కాదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే. నీరుబ్రాహ్మి మంచి ఓషధి. దానిని గుర్తించడం కష్టం కాదు, పెంచడం అంతకంటె సులభం. కానీ దొరికినచోట కోసుకొని తినే కాలం గడచిపోయింది.

ఏది నీరుబ్రాహ్మి?

ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. తెలుగునాట సరస్వతి ఆకు అంటే చాలామంది చూపించేది మండూకపర్ణిని. గుండ్రని ఆకు, పొడవైన కాడ, నేలబారు తీగ, కణుపు కణుపుకూ వేళ్ళు. మన సంస్కృత నిఘంటువులు బ్రాహ్మి అన్నది, కేరళ వైద్యులు నేటికీ బ్రాహ్మిగా వాడుతున్నది వేరొక మొక్క. అదే నీరుబ్రాహ్మి. తెలుగు ఓషధి గ్రంథాలలో దీనికి సాంబ్రాణి చెట్టు, నీటి సాంబ్రాణి అనే పేర్లున్నాయి. ధూపం వేసే సాంబ్రాణితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. అది ఒక చెట్టు బంక. ఇది అంగుళం ఆకు కూడా లేని నీటి మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు బకోపా మొన్నియెరి. మండూకపర్ణి పేరు సెంటెల్లా ఏషియాటికా. ఉత్తర హిందూస్థానంలో, ముఖ్యంగా హరిద్వారం బజారులో, బ్రాహ్మి పేరుతో మండూకపర్ణినే అమ్ముతారు. కేంద్ర ప్రభుత్వం వారి ఆయుర్వేద ఔషధ ప్రమాణ గ్రంథం ఈ వివాదాన్ని తీర్చి, బ్రాహ్మి అంటే బకోపా అనీ, మండూకపర్ణి అంటే సెంటెల్లా అనీ వేరు వేరుగా నిర్ణయించింది.

ప్రాచీనులకు ఈ తేడా బాగా తెలుసు. చరకుడు మేధ్య రసాయనాలుగా చెప్పిన నాలుగింటిలో మండూకపర్ణి స్వరసం ఒకటి. తక్కినవి పాలతో యష్టిమధుక చూర్ణం, తిప్పతీగె రసం, శంఖపుష్పి కల్కం. అదే చరకుడు అపస్మార చికిత్సలో బ్రాహ్మీ రసంతో పాత నేతిని పక్వం చేయమన్నాడు. సుశ్రుతుడు చికిత్సాస్థానంలో ఈ రెండింటి రసాలనూ విడివిడిగా వర్ణించాడు. రెండూ బుద్ధికి మేలు చేసేవే గనుక ఒకదానికి బదులు ఒకటి వాడితే ప్రమాదం లేదు గాని, ఏది వాడుతున్నామో తెలిసి వాడడం మంచిది.

ఇక గుర్తులు. నీరుబ్రాహ్మి నేలను అంటుకొని పాకుతుంది. తడి తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు దిగుతాయి. కొమ్మల చివరలు నాలుగైదు అంగుళాలు పైకి లేస్తాయి. ఆకులు ఎదురెదురుగా జంటలు. కాడ ఉండదు. ఆకు దళసరి, నీరు నిండినట్లుంటుంది. మొదలు సన్నం, చివర గుండ్రం. మధ్య ఈనె తప్ప పక్క ఈనెలు కంటికి ఆనవు. అంచుకు నొక్కులుండవు. ఆకు పంగలో నుంచి సన్నని కాడతో ఒక్కొక్క పూవు వస్తుంది. అయిదు రెక్కల పూవు, తెలుపులో లేత నీలి జీర. దూరానికి కనబడదు. వంగి చూచినవారికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. అన్నిటికంటె గట్టి గుర్తు రుచి. ఒక ఆకు నమిలితే నాలుక మొదట చేదు నిలుస్తుంది. చేదు లేనిది నీరుబ్రాహ్మి కాదు.

బొక్కెనాకు దీని పక్కనే పెరుగుతుంది కనుక పొరపాటు సహజం. ఆ ఆకు చివరి భాగం రంపపు పళ్ళవలె ఉంటుంది. పొడుగాటి కాడ మీద చిన్న గుండీ వంటి పూల గుత్తి వస్తుంది. గంగపావిలి కాడ ఎర్రన, పూవు పసుపు, రుచి పులుపు. మండూకపర్ణి కోసం వెళ్ళినవారు ఎలుకచెవి ఆకును తేవడం కూడా చూచాను. దానికి పసుపుపచ్చని గరాటు పూలు పూస్తాయి. సరస్వతి ఆకుకు పూలు నేలకు దగ్గరగా, ఆకుల చాటున, చిన్నవిగా, ఎర్రన కలిసిన రంగులో ఉంటాయి. పూత లేని కాలంలో మీకు అనుమానం కలిగితే కోయకండి, అంతే.

గట్టు మీది ఆకుతో చిక్కేమిటి?

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని గోదావరి నీరు కాలువలుగా కోనసీమ నలుమూలలకూ చేరింది. బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల దగ్గర చీలి, పిల్లకాలువలై, బోదెలై, చివరికి కొబ్బరితోట మొదట్లోని తడిగా మారుతుంది. సార్వాకు, దాళ్వాకు పొలం గట్లు ఆరవు. తడి కోరే నీరుబ్రాహ్మికి ఇంతకంటె అనువైన సీమ లేదు. మా చిన్ననాట చాలమంది రైతులకు అది పేరు కూడా లేని కలుపు మాత్రమే.

అయితే నీరు వచ్చే కాలువ వేరు, నీరు పోయే కాలువ వేరు. నీరు పోయే మురుగుకోడు గట్టునే ఈ మొక్క మరీ దట్టంగా, మరీ కళకళలాడుతూ కనిపిస్తుంది. ఆ కళను చూచి మోసపోవద్దు. ఊరి ఇళ్ళ వాడకపు నీరు, బట్టల సబ్బు, వరిచేలలో చల్లిన గుళికలు, కలుపు మందు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు వదిలే నీరు, అన్నీ చేరేది అక్కడికే. పైగా వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత కొత్తనీరు రాక, ఉన్న మురుగే నిలిచి చిక్కబడుతుంది.

ఈ మొక్కకు ఒక విశేష గుణం ఉన్నది. నీటిలో కరిగివున్న సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలను ఇది పీల్చుకొని తనలో దాచుకుంటుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి, కలుషిత జలాలను శుభ్రపరచడానికి పనికివచ్చే మొక్కలలో దీనిని కూడా పేర్కొన్నారు. చెరువుకు అది వరం. ఆ చెరువులోని ఆకును రసం తీసి త్రాగేవానికి వరం కాదు. లోహాలు కడిగితే పోవు. ఎండబెట్టినా పోవు. మరిగించినా పోవు.

ఇంకొక సంగతి పశువులున్న ఇంటివారికి వెంటనే అర్థమవుతుంది. గేదెల కార్జానికి పట్టే జలగ వ్యాధి ఎలా వస్తుందో వారికి తెలుసు. ఆ జలగ పిల్లలు నీటి నత్తలలో పెరిగి, బయటకు వచ్చి, తడి గడ్డిమీద, నీటి మొక్కల ఆకులమీద కంటికి కనిపించని పొక్కులుగా అతుక్కుంటాయి. ఆ మేత మేసిన పశువుకు వ్యాధి వస్తుంది. మనుషులకు ఇది అరుదే గాని, నీటి మొక్కలను పచ్చిగా తినేవారికి సోకిన సందర్భాలు లోకంలో ఉన్నాయి. వండితే ఈ భయం లేదు. నత్తలున్న చోట పెరిగిన ఆకును పచ్చిగా రసం తీసినప్పుడే భయం.

నూతిగట్టు సంగతి కూడా చెప్పవలెను. వెనుక పెరటిలో అంట్లు తోమిన నీరు పోయే చోట ఈ మొక్కను పెంచేవారు. ఆనాడు అంట్లకు బూడిద, కొబ్బరిపీచు, తలకు కుంకుడుకాయ. ఈనాడు ఆ నీటిలో ఏమున్నదో సబ్బు పొట్లం మీద చదువుకోవచ్చును. కోనసీమలో నేలను రెండు మూడు అడుగులు త్రవ్వితే జల వచ్చే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అటువంటి చోట మరుగుదొడ్డి గుంతకు దగ్గరగా ఉన్న నేలను కూడా శుభ్రమైనదిగా భావించరాదు. అందువల్ల నేలలో కంటె తొట్టిలో పెంచడమే ఉత్తమం అని నా అభిప్రాయం.

నారు ఎక్కడ తేవాలి?

కడియం, కడియపులంక నర్సరీలలో అడిగితే దొరుకుతుంది. కాని అక్కడ జాగ్రత్త. వ్రేలాడే కుండీలలో పెంచే ఒక విదేశీ పూలమొక్కను కూడా బకోపా అనే పేరుతో అమ్ముతారు. దాని ఆకు అంచు నొక్కులు నొక్కులుగా ఉంటుంది, పూలు గుబురుగా పూస్తాయి. అందానికి మంచిదే, ఔషధానికి మాత్రం పనికిరాదు. నర్సరీలో పురుగుమందు చల్లి ఉంటారు గనుక తెచ్చిన మొక్కను అక్కడే నోట వేసుకొని పరీక్షించవద్దు. కడిగిన తరువాత ఒక ఆకు కొరికి చూచి ఉమ్మివేయండి. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ వారు ఈ మొక్కలో ప్రజ్ఞాశక్తి, సుబోధక్ అనే రకాలను రూపొందించారు. ఎకరాలలో వేసే రైతుకు వాటితో పని. ఇంటి తొట్టికి మామూలు మొక్క చాలును.

గట్టు మీది మొక్కను నారుగా తెచ్చుకోవడంలో తప్పు లేదు. తినడానికి కాదు, నాటడానికి. బోదె గట్టు నుంచి బెత్తెడు పొడవు లేత చివరలు పది తెచ్చి, బురద పోయేవరకు నాలుగు నీళ్ళలో కడిగి, నత్తలు, వాటి గ్రుడ్లు లేకుండా చూచి నాటుకోవలెను. అవి పాకి కొత్త తీగలు సాగిన తరువాత మొదట నాటిన పాత కాడలను తీసి పారవేయవలెను. శుభ్రమైన మట్టిలో, శుభ్రమైన నీటితో పుట్టిన కొత్త కొమ్మలే వాడకానికి ఉంచుకోవాలి. మొదటి కోతను వాడకుండా వదిలివేస్తే మరీ మంచిది.

తొట్టి, మట్టి, నీరు

నీరుబ్రాహ్మి వేరు లోతుకు పోదు. పక్కలకు పాకుతుంది. కనుక లోతు తొట్టి వృథా. జానెడు లోతు, మూడు జానల వెడల్పు ఉన్న సిమెంటు తొట్టి గాని, పగిలిన పాత కుండ అడుగు భాగం గాని, అడ్డంగా కోసిన నీళ్ళ డబ్బా గాని సరిపోతుంది. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వాడరాదు.

రెండు పాళ్ళు గోదావరి ఒండ్రు మట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి నింపండి. కొబ్బరిపొట్టుకు మన సీమలో కరవా! పీచు తీసే చోట గుట్టలుగా పడి ఉంటుంది. కాని పచ్చి పొట్టులో ఉప్పు, వగరు ఉంటాయి. రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండి వాడవలెను. ఈ పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది కనుక వేసవిలో మొక్కను కాపాడేది అదే. ఒండ్రు మట్టిని మురుగుకోడు పూడిక నుంచి తేవద్దు. ఆ పూడికలో పైన చెప్పిన లోహాలన్నీ ఉండవచ్చును.

నాటడానికి మంచి అదను ఆషాఢ శ్రావణాలు. వానలు పట్టి, గాలిలో చెమ్మ ఉంటుంది. ప్రతి ముక్కకు మూడు నాలుగు కణుపులుండేలా బెత్తెడు పొడవున కోసి, రెండు కణుపులు మట్టిలోకి దిగేలా, నాలుగంగుళాల ఎడంతో పడుకోబెట్టి నాటండి. నిలువుగా గుచ్చినా బ్రతుకుతుంది గాని, పడుకోబెట్టినది త్వరగా కమ్ముకుంటుంది. వారం పది రోజులలో వేరు పట్టి కొత్త ఆకు తొడుగుతుంది. గింజతో పెంచాలని చూడవద్దు. ఆ గింజ ధూళి వంటిది, మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే లేదు.

నీటి విషయంలో గృహిణులు రెండు విధాల పొరబడతారు. మామూలు పూలమొక్కవలె రోజు విడిచి రోజు పోసేవారు కొందరు. దానితో ఆకు అంచులు పసుపుబారి, తీగ నార తేలుతుంది. నీటి మొక్క కదా అని తొట్టి నింపి చెరువు చేసేవారు మరికొందరు. దానితో మొక్కకు నష్టం లేదు. ఇంటికే నష్టం. నిలువ నీటిలో దోమ గ్రుడ్డు పెట్టి వారం పది రోజులలో రెక్కలు వచ్చి ఎగురుతుంది. డెంగీ దోమకు అంతకంటె అనువైన చోటు లేదు. మట్టిని వ్రేలితో నొక్కితే నీరు ఊరవలెను, పైన నీరు నిలువరాదు. ఇదే కొలత. అడుగున రంధ్రం ఉన్న కుండీ అయితే పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళెం నీటిని మూడు రోజులకొకసారి పారబోసి, పళ్ళెం రుద్ది కడిగి, కొత్తనీరు పోయండి. దోమ గ్రుడ్లు పళ్ళెం అంచుకు అంటుకొని ఉంటాయి కనుక రుద్దడం ముఖ్యం.

కుళాయి నీరు, శుభ్రమైన నూతి నీరు, వాననీరు ఏదైనా మంచిదే. రాజోలు, సఖినేటిపల్లి, మలికిపురం వైపు నూతినీరు ఉప్పదేలిందని దిగులుపడేవారికి ఒక శుభవార్త. నీరుబ్రాహ్మి కొద్దిపాటి ఉప్పును ఓర్చుకుంటుంది. ఉప్పుటేటి అంచులలో కూడా ఇది సహజంగా పెరుగుతుంది. శంకరగుప్తం డ్రెయిను వెంట సముద్రపు పోటు ఎగదట్టి కొబ్బరి చెట్ల మొవ్వులు రాలిన ప్రాంతం అది. అక్కడి పెరళ్ళలో కూరపాదులు నిలువక విసిగినవారు ఈ తొట్టిని నిశ్చింతగా పెట్టుకోవచ్చును. మరీ ఉప్పనైతే వాననీటితో కలిపి పోయండి.

ఎండ సగంపూట కావలెను. ఉదయపు ఎండ పడి, మధ్యాహ్నం నీడ వచ్చే తూర్పు వసారా అంచు శ్రేష్ఠం. కొబ్బరిచెట్టు జల్లెడ నీడ కూడా బాగుంటుంది. పూర్తి నీడలో పెట్టితే తీగ పొడుగు సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, పూత తగ్గుతుంది. రోహిణీ కార్తెలో మాత్రం తొట్టిని నీడకు జరిపి, ఉదయం సాయంత్రం నీరు చిలకరించవలెను.

నెలకొక గుప్పెడు వానపాముల ఎరువు చాలును. యూరియా వేస్తే ఆకు పెద్దదై, నీరుబట్టి, చేదు పలుచబడుతుందని నా అనుభవం. మిడత, ఆకు తినే గొంగళి, నత్త, అప్పుడప్పుడు లేత చివరలకు పేనుబంక, వచ్చే శత్రువులు ఇవే. నత్తను, పురుగును చేతితో ఏరివేయడమే ఉత్తమం. పేనుబంక పట్టిన చివరలను తుంచి పారవేసి, వేపాకు కషాయం చల్లండి. తినే మొక్కమీద అంగడి మందు మాట తలపెట్టవద్దు.

కోత, నిలువ

నాటిన 75 నుంచి 90 రోజులకు తొట్టి కమ్ముకొని తీగలు అంచు దాటి వ్రేలాడతాయి. అప్పుడు రెండు వ్రేళ్ళ ఎత్తు మొదలు విడిచి, పై భాగాన్ని కత్తెరతో కోయవలెను. పీకరాదు. మిగిలిన మొదళ్ళు తిరిగి చిగురిస్తాయి. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది, కంగారు పడవద్దు. రెండేళ్ళకొకసారి మట్టి మార్చి కొత్త ముక్కలు నాటుకోండి.

నిలువ చేయదలచినవారు కోసిన ఆకును కడిగి, నీరోడ్చి, బట్టమీద పలుచగా పరచి, గాలి ఆడే నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టితే రంగూ గుణమూ తగ్గుతాయి. మన సీమ గాలిలో తేమ ఎక్కువ. ఆకు పైకి ఆరినట్లుండి కాడలో తడి దాగి ఉంటుంది. కాడ పుటుక్కున విరిగినప్పుడే ఆరినట్లు లెక్క. పొడి కొట్టి, వస్త్రగాలితం పట్టి, గాజుసీసాలో పెట్టి, ఆరు నెలలలో వాడుకోండి. బూజు వాసన వస్తే పారవేయండి, నష్టమని చూడవద్దు.

ఎంత వాడాలి, ఎంతకాలం వాడాలి?

పెద్దలకు పచ్చి ఆకు రసమైతే రెండు చెంచాలు, చూర్ణమైతే ఒకటి నుంచి మూడు గ్రాములు రోజుకు చాలును. పరగడుపున వద్దు. ఆహారం తరువాత గోరువెచ్చని పాలతో గాని, అరచెంచా నేతితో గాని పుచ్చుకోవలెను. ఖాళీ కడుపున పుచ్చుకొంటే వికారం, పొట్టలో మెలిపెట్టడం, విరేచనాలు కలుగుతాయి. పైన చెప్పిన పిల్లవానికి మురుగు ఒక కారణమైతే, పరగడుపున అరగ్లాసు మోతాదు రెండవ కారణం. పన్నెండేళ్ళలోపు పిల్లలకు వైద్యుని అడగకుండా రసం ఇవ్వరాదు. వారికి పచ్చడి రూపంలో వారానికి రెండుమార్లు పెట్టండి. గుప్పెడు ఆకును నువ్వులనూనెలో పసరు వాసన పోయేవరకు వేయించి, వేగిన మినపప్పు, పచ్చిమిరప, చింతపండు, కొబ్బరికోరుతో నూరితే చేదు నాలుకకు అందదు. బ్రాహ్మీ ఘృతం ఇంట్లో కాచడానికి పూనుకోవద్దు. ఒక పాలు కల్కానికి నాలుగు పాళ్ళు నెయ్యి, పదహారు పాళ్ళు ద్రవం అనే లెక్క తెలిసినా, పాకం గుర్తు తెలియనిదే నెయ్యి చెడుతుంది. అది, సారస్వతారిష్టం వంటివి వైద్యుని వద్ద తీసికొనడమే మేలు.

దీనిలోని బాకోసైడ్లు అనే పదార్థాలపై లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ ఎంతోకాలం పరిశోధన చేసింది. ఆస్ట్రేలియాలో ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 300 మిల్లీగ్రాముల సారం ఇచ్చి పరీక్షించి 2001లో ప్రకటించిన ఫలితాలలో, నేర్చుకొనే వేగంలో, జ్ఞాపకంలో మెరుగు కనిపించింది. అయితే అది కనిపించినది 12 వారాల తరువాత. ఇది తల్లిదండ్రులు మనసున పెట్టుకోవలసిన అంకె. మార్చిలో పరీక్ష పెట్టుకొని ఫిబ్రవరి చివర ఆకు కోసం పరుగెత్తితే ఫలం లేదు. ఆషాఢంలో నాటండి. ఆశ్వయుజానికి మొదటి కోత వస్తుంది. దానిని వదిలి, కార్తీకం నుంచి వాడితే మాఘానికి మూడు నెలలు నిండుతాయి. అయినా నిద్ర, పౌష్టికాహారం లేని పిల్లవానికి ఏ ఆకూ ఏమీ చేయలేదు.

కొందరికి ఇది తగదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె నెమ్మదిగా కొట్టుకొనేవారు, ఉబ్బసం ఉన్నవారు, థైరాయిడ్ మాత్రలు వాడేవారు, కడుపులో పుండ్లున్నవారు వైద్యుని సలహా లేకుండా వాడరాదు. మూర్ఛవ్యాధి ఉన్నవారి విషయం మరీ ముఖ్యం. శాస్త్రంలో అపస్మారానికి బ్రాహ్మి చెప్పారు కదా అని, పిల్లవాని మూర్ఛ మాత్రలు మానిపించి ఆకు రసం మొదలుపెట్టినవారు ఉన్నారు. మాత్ర హఠాత్తుగా మానితే మూర్ఛ వెంటవెంటనే వచ్చి ప్రాణం మీదికి రావచ్చును. మాత్ర మానరాదు. ఆకు విషయం ఆ మాత్ర వ్రాసిన డాక్టరుకు చెప్పి తీరవలెను.

వరదల సంగతి ఒకటి మిగిలింది. లంక గ్రామాలవారికి, ఏటిగట్టు కింద ఇళ్ళవారికి 1986 ఆగస్టు నాటి వరద గుర్తుండే ఉంటుంది. పెరడు మునిగినప్పుడు ఈ మొక్క చావదు. నీరు తీసిన పది రోజులలో బురదలోంచి మళ్ళీ తల ఎత్తుతుంది. కాని ఆ బురదలో పశువుల కళేబరాల నుంచి పొలాల మందు వరకు అన్నీ కొట్టుకొని వచ్చి ఉంటాయి. వరద సూచన రాగానే తొట్టిని డాబా మీదికి చేర్చండి. చేర్చలేక మునిగితే మట్టి అంతా పారబోసి, తొట్టిని సున్నపు నీటితో కడిగి, లేత చివరలతో మళ్ళీ మొదలుపెట్టండి. ముందుగానే పొరుగింటి మేడమీద ఒక కుండీ నాటి ఉంచితే నారు కోసం మళ్ళీ గట్టుకు వెళ్ళనక్కరలేదు.